ముందు ఫోర్కు స్ప్రింగులు: మార్చే విధానం, దాని వెనుక ఉన్న శాస్త్రం

– ఒక పూర్వ విద్యార్థి (మోటార్ మెకానిక్)

మోటారు సైకిలు లేని ఊరు ఈ రోజుల్లో మన వైపు కనిపించదు. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, బడికి పోయే పిల్లలు, ఆసుపత్రికి పోవలసిన ముసలివాళ్లు, అందరూ దాని మీదే. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, నెట్టుకుంటూ ఇంటికి చేరతాం. ముందు ఫోర్కు చెడితే మాత్రం బండి నడుస్తూనే ఉంటుంది. ఏదో ఒక రోజు గుంత దగ్గర బ్రేకు వేసినప్పుడు చక్రం మన మాట వినదు. అందుకే ఫోర్కు సంగతి బండి నడిపే ప్రతి ఒక్కరూ కొంతైనా తెలుసుకోవాలి.

ఈ వ్యాసం రాయడానికి మరో కారణం ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో హుక్ నియమం చదువుతారు. మార్కులు కూడా వస్తాయి. కాని ఆ నియమం మీద ఆధారపడి మన హాస్టలు గేటు ముందు రోజూ ఎన్ని బండ్లు పోతున్నాయో చాలామంది గమనించరు. మరోపక్క షెడ్డులో పని చేసే కుర్రాళ్లు రోజుకు రెండు మూడు ఫోర్కులు విప్పి బిగిస్తారు. ఎందుకలా బిగించాలి అని అడిగితే "మా మేస్త్రి అలాగే చేస్తాడు" అంటారు. ఈ రెండూ ఒకే చోట కలిస్తే బాగుంటుందని నా ఆశ.

ఫోర్కు లోపల ఏముంది?

మనం రోజూ చూసే 100 సి.సి. నుండి 150 సి.సి. వరకు ఉన్న బండ్లలో ఎక్కువ వాటికి ముందు వైపు టెలిస్కోపిక్ ఫోర్కు ఉంటుంది. అంటే ఒక గొట్టంలోకి మరో గొట్టం జారే ఏర్పాటు. పైన మెరుస్తూ కనిపించేది మెయిన్ పైపు. ఇది హ్యాండిలు కింద పై బ్రాకెట్టుకు, కింది బ్రాకెట్టుకు బిగించి ఉంటుంది. దాని మీద పైకి కిందికి జారే లావుపాటి అల్యూమినియం గొట్టం కింది కేసు. చక్రం ఇరుసు దీనికి ఉంటుంది.

మెయిన్ పైపు లోపల పొడవాటి స్ప్రింగు, దాని పైన ఒక వాషరు, కొన్ని బండ్లలో ఒక స్పేసర్ గొట్టం, అన్నిటికీ పైన మూత బోల్టు ఉంటాయి. స్ప్రింగు కింద చిన్న రంధ్రాలు ఉన్న డ్యాంపర్ రాడ్డు నిలబడి ఉంటుంది. దీన్ని కింది కేసు అడుగు నుండి ఒక ఎలెన్ బోల్టు పట్టి ఉంచుతుంది. గొట్టంలో కొంత ఆయిల్, ఆ ఆయిల్ పైన కొంత గాలి ఉంటాయి. కింది కేసు నోటి దగ్గర ఆయిల్ సీలు, దాని పైన దుమ్ము పోకుండా డస్ట్ సీలు ఉంటాయి.

స్ప్రింగు మీద నిలిచే ఫోర్కులు ఇరవయ్యో శతాబ్దం మొదటి నుండీ ఉన్నాయి. అయితే లోపల ఆయిల్ పోసి అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్కును తయారీ బండ్లలో తొలిసారి తెచ్చింది జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. కంపెనీ, 1935లో. ఆ తర్వాత క్రమంగా ప్రపంచమంతా ఇదే పద్ధతికి వచ్చింది. నేటి మన బండిలో ఉన్నదీ మూలంలో అదే.

స్ప్రింగు పని వేరు, ఆయిల్ పని వేరు

చాలామంది ఈ రెంటినీ కలిపి "షాకబ్జరు" అనేస్తారు. స్ప్రింగు పని బరువును మోయడం, గుంత వచ్చినప్పుడు ఆ దెబ్బలోని శక్తిని తనలో దాచుకోవడం. దాచుకున్న శక్తిని అది ఊరికే ఉంచుకోదు, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఒట్టి స్ప్రింగే ఉంటే ఒక గుంత దాటాక బండి చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. పుస్తకంలో వీటినే డోలనాలు అంటారు.

ఆ ఊపును చంపేది ఆయిల్. చక్రం పైకి లేచినప్పుడు, మళ్ళీ దిగినప్పుడు ఆయిల్ డ్యాంపర్ రాడ్డు రంధ్రాల గుండా దూరి పోవాలి. ఆ ఇరుకు దారిలో స్ప్రింగు శక్తి వేడిగా మారిపోతుంది. పుస్తకంలోని అవరుద్ధ డోలనాలు ఇవే. చక్రం లేచేటప్పుడు ఆయిల్ కొంత సులువుగా, దిగేటప్పుడు కష్టంగా పోయేలా దారులు ఏర్పాటు చేస్తారు. ఆయిల్ చిక్కదనాన్ని, అంటే స్నిగ్ధతను, డబ్బా మీద 10, 15, 20 వంటి అంకెలతో సూచిస్తారు. అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది, ఫోర్కు కదలిక మందగిస్తుంది.

కనుక బండి కుంగిపోతుంటే స్ప్రింగు వైపు చూడాలి. ఊగుతూ ఉంటే ఆయిల్ వైపు చూడాలి. ఈ తేడా తెలియక స్ప్రింగులు మార్చవలసిన చోట చిక్కటి ఆయిల్ పోసి డబ్బు తీసుకునే వాళ్లూ ఉన్నారు.

ఒక చిన్న లెక్క

రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమం మనకు తెలిసిందే. స్ప్రింగును ఎంత నొక్కితే అది అంత బలంతో ఎదురు తిరుగుతుంది. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని న్యూటన్లు కావాలో అదే దాని బల స్థిరాంకం.

మన బండిలో ఒక్కో స్ప్రింగుకు మి.మీ.కు 5 న్యూటన్లు అనుకుందాం. రెండు కాళ్లు పక్కపక్కనే ఉన్నాయి కనుక ఇది సమాంతర సంధానం, మొత్తం 10 న్యూటన్లు. మనిషి ఎక్కాక ముందు ఫోర్కు మీద పడే బరువు 600 న్యూటన్లు, అంటే సుమారు 60 కిలోలు అనుకుందాం. మూత బోల్టు బిగించేటప్పుడే స్ప్రింగును 20 మి.మీ. నొక్కి పెడతాం. దీన్ని ప్రీలోడ్ అంటారు. దాని వల్ల 200 న్యూటన్ల బలం ముందే సిద్ధంగా ఉంది. మిగిలిన 400 న్యూటన్లకు ఫోర్కు 40 మి.మీ. కుంగుతుంది. ఫోర్కు మొత్తం కదలిక 120 మి.మీ. అయితే గుంతల కోసం ఇంకా 80 మి.మీ. మిగిలింది.

కొన్నేళ్లు గడిచాక ఏం జరుగుతుంది? "స్ప్రింగు మెత్తబడింది" అని అందరూ అంటారు. నిజానికి ఉక్కు స్ప్రింగు బల స్థిరాంకం పెద్దగా మారదు. దాని పొడవు తగ్గుతుంది. పై లెక్కలో స్ప్రింగు 10 మి.మీ. పొట్టిదైతే ప్రీలోడు 10 మి.మీ.కు పడిపోతుంది, ఫోర్కు 50 మి.మీ. కుంగుతుంది. గుంతలకు మిగిలేది 70 మి.మీ. మాత్రమే. వెనుక ఒక మనిషి, ముందు ఒక బస్తా చేరితే అదీ ఉండదు. అందుకే స్ప్రింగు బాగుందో లేదో తేల్చేది చేతితో నొక్కి చూడటం కాదు, స్కేలుతో కొలవడం. ప్రతి బండికి సర్వీసు మాన్యువల్లో స్ప్రింగు అసలు పొడవు, ఎంత తగ్గితే మార్చాలో ఆ హద్దు ఇస్తారు.

మరో సంగతి. స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుంది. తీగ 4 మి.మీ. నుండి 4.4 మి.మీ. అయితే, అంటే కేవలం పదో వంతు లావైతే, స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు పనిలో ఎంత వేరుగా ఉంటాయో చూడండి. అంగట్లో "ఇది కూడా సరిపోతుంది" అన్నప్పుడు ఈ లెక్క గుర్తుకు రావాలి.

జబ్బు ఏదో ముందు తేల్చుకోవాలి

ముందు బ్రేకు పట్టి హ్యాండిలును గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే ఆయిల్ పాతబడింది లేదా తగ్గింది. బ్రేకు వేసినప్పుడల్లా ముందు భాగం పూర్తిగా కూర్చుని 'ఠక్'మని తగిలితే స్ప్రింగు పొట్టిదైంది, లేదా ఆయిల్ మట్టం పడిపోయింది.

మెయిన్ పైపు మీద జిడ్డు చార కనిపిస్తే ఆయిల్ సీలు పోయినట్లు. దీన్ని తేలికగా తీసుకోరాదు. కారిన ఆయిల్ కిందికి జారి డిస్కు మీదికో, బ్రేకు ప్యాడ్ల మీదికో చేరితే ముందు బ్రేకు పని చేయదు.

బ్రేకు వేసినప్పుడు హ్యాండిల్లో 'టక్ టక్' శబ్దం వస్తే అది ఫోర్కు కాకపోవచ్చు. చక్రాన్ని నేల నుండి లేపి రెండు ఫోర్కు కాళ్లను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. తల దగ్గర కదలిక ఉంటే కోన్ సెట్టు వదులైందని అర్థం. దానికి కొత్త స్ప్రింగులు మందు కాదు.

కావలసిన సామాను

బండికి సరిపడే స్ప్రింగుల జత, మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఫోర్కు ఆయిల్, మూత బోల్టులకు కొత్త ఓ-రింగులు, స్పానర్లు, ఎలెన్ కీలు, మిల్లీలీటరు గీతలున్న కొలత జాడీ, స్టీలు స్కేలు, పాత ఆయిల్ పట్టడానికి ట్రే, శుభ్రమైన గుడ్డలు, కిరోసిన్, ఇంజను కింద పెట్టడానికి గట్టి చెక్క దిమ్మ లేదా జాకీ. కళ్లద్దాలు తప్పనిసరి. టార్క్ రెంచి ఉంటే మరీ మంచిది. స్ప్రింగులు ఎప్పుడూ జతగానే మార్చాలి.

విప్పే క్రమం

1. బండిని చదునైన నేల మీద సెంటరు స్టాండు వేయండి. ఇంజను కింద దిమ్మ పెట్టి ముందు చక్రం గాలిలోకి లేచేలా చూడండి. బండి కదలకుండా ఉందని హ్యాండిలు ఊపి నిర్ధారించుకోండి.

చక్రం ఎందుకు లేపాలి? పై లెక్కలోనే జవాబు ఉంది. చక్రం నేల మీద ఉండి మనిషి బరువుతో సహా స్ప్రింగు 60 మి.మీ. నొక్కి ఉంటే ఒక్కో మూత బోల్టు మీద 300 న్యూటన్లు, దాదాపు 30 కిలోల బలం ఉంటుంది. చక్రం గాలిలో ఉంటే ప్రీలోడు బలం 100 న్యూటన్లే మిగులుతుంది. అది కూడా కంటికి తగిలితే చాలు.

2. పై బ్రాకెట్టుకు పక్కన పిన్చ్ బోల్టు ఉంటే ముందు దాన్ని వదులు చేయండి. అది బిగిసి ఉండగా మూత బోల్టు తిప్పితే మరలు పాడవుతాయి. తరువాత ఫోర్కు బండి మీద ఉండగానే మూత బోల్టును కొద్దిగా, అర చుట్టు మాత్రమే, వదులు చేయండి. కాలు బయటికి తీశాక పట్టు దొరకదు. కొన్ని బండ్లలో మూత బోల్టు అందాలంటే హ్యాండిలు బారు తీసి పక్కన పెట్టాలి.

3. డిస్కు బ్రేకు ఉంటే క్యాలిపర్ విప్పి తీగతో ఫ్రేముకు కట్టండి. గొట్టం మీద వేలాడదీయకూడదు. డిస్కు లేనప్పుడు బ్రేకు లివరు నొక్కరాదు, పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. డ్రమ్ము బ్రేకైతే కేబులు విప్పాలి. స్పీడోమీటరు కేబులు, చక్రం, మడ్‌గార్డు తీయండి.

4. మెయిన్ పైపు పై బ్రాకెట్టులో ఎంత ఎత్తున ఉందో కొలిచి రాసుకోండి. కింది బ్రాకెట్టు బోల్టు వదులు చేసి, కాలును అటూ ఇటూ తిప్పుతూ కిందికి లాగండి. రెండు కాళ్ల భాగాలు కలిసిపోకుండా వేరు వేరు ట్రేలలో పెట్టండి.

5. కాలును నిలువుగా పట్టి, ముఖం దానికి ఎదురుగా లేకుండా చూసుకుని, మూత బోల్టును అరచేతితో కిందికి నొక్కుతూ తిప్పండి. చివరి మర దాటగానే అది పైకి తన్నుతుంది. స్పేసరు, వాషరు, స్ప్రింగు ఏ వరుసలో వచ్చాయో, స్ప్రింగులో దగ్గరి చుట్లున్న కొస ఏ వైపు ఉందో గుర్తు పెట్టుకోండి. సెల్ ఫోనులో ఒక ఫోటో తీసుకుంటే చాలు.

6. కాలును తలకిందులు చేసి పాత ఆయిల్ వంచి, ఎనిమిది పది సార్లు నెమ్మదిగా లాగి నొక్కండి. కాసేపు అలాగే వదిలేయండి. పాత ఆయిల్ కాలువలో పోయకండి. డబ్బాలో పట్టి వాడిన ఇంజను ఆయిల్ సేకరించే వారికి ఇవ్వండి.

పరిశీలన

పాత స్ప్రింగులు రెంటినీ పక్కపక్కన నిలబెట్టి కొలవండి. హద్దు కంటే తక్కువుంటే మార్చాలి. మెయిన్ పైపును చదునైన గాజు పలక మీద దొర్లించి చూస్తే వంకర తెలిసిపోతుంది. సీలు జారే భాగంలో తుప్పు గుంతలు గోటికి తగిలితే కొత్త సీలు వేసినా త్వరలోనే మళ్ళీ కారుతుంది.

సీలు కూడా మార్చవలసి వస్తే అడుగున ఉన్న ఎలెన్ బోల్టు విప్పాలి. అది తిరిగేటప్పుడు లోపలి డ్యాంపర్ రాడ్డు కూడా దానితో పాటే తిరిగిపోతుంటుంది. అందుకు సులువు ఉంది: స్ప్రింగు, మూత బోల్టు తీయకముందే ఈ ఎలెన్ బోల్టును వదులు చేయాలి. స్ప్రింగు ఒత్తిడి రాడ్డును పట్టి ఉంచుతుంది. బిగించేటప్పుడు రాగి వాషరు కొత్తది వేయాలి.

బిగించే క్రమం

1. లోపలి భాగాలు కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కొత్త స్ప్రింగుల పొడవు, పాత స్ప్రింగుల అసలు పొడవు పోల్చండి. కంపెనీ స్ప్రింగులైతే పాత స్పేసరే సరిపోతుంది. వేరే పొడవువి అయితే ప్రీలోడు సరిపోయేలా స్పేసరు కోయాలి. దాని రెండు కొసలూ సరిగ్గా చదునుగా ఉండాలి, స్ప్రింగుకూ స్పేసరుకూ మధ్య వాషరు ఉండాలి.

2. ఆయిల్ కొలిచి పోయండి. కాలును పూర్తిగా విప్పి కడిగినప్పుడు పట్టే కొలత వేరు, ఊరికే వంచి పోసినప్పుడు వేరు. లోపల కొంత అంటుకుని ఉంటుంది కదా. మాన్యువల్లో రెండూ ఉంటే సరైనది చూసుకోండి. పోశాక నెమ్మదిగా పైకి కిందికి ఆడించి గాలి బుడగలు పోనివ్వండి. తరువాత స్ప్రింగు లేకుండా, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, పైపు అంచు నుండి ఆయిల్ మట్టం ఎంత లోతున ఉందో స్కేలుతో కొలవండి. సాధారణంగా ఆయిల్ మట్టం కొలిచే పద్ధతి ఇదే. రెండు కాళ్లలోనూ మట్టం ఒకటే ఉండాలి.

"కొంచెం ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటుంది" అనే మాట వినకండి. ఆయిల్ పైన ఉన్న గాలి కూడా ఒక స్ప్రింగే. ఇక్కడ పని చేసేది బాయిల్ నియమం. ఫోర్కు చాచి ఉన్నప్పుడు గాలి స్తంభం 240 మి.మీ. అనుకుంటే, 120 మి.మీ. కుంగినప్పుడు అది సగమై పీడనం రెండింతలవుతుంది. ఆయిల్ మట్టం 60 మి.మీ. పెంచితే గాలి స్తంభం 180 నుండి 60 మి.మీ.కు వస్తుంది, పీడనం మూడింతలు. ఆ పీడనమంతా పడేది చిన్న రబ్బరు సీలు మీద.

3. మెయిన్ పైపును పూర్తిగా పైకి లాగి స్ప్రింగును నెమ్మదిగా దించండి. ఏ కొస పైకి ఉండాలో బండిని బట్టి మారుతుంది. మాన్యువల్లో చెప్పిన వైపే పెట్టండి. రెండు కాళ్లలో ఒకే వైపు ఉండాలి.

4. వాషరు, స్పేసరు పెట్టి, కొత్త ఓ-రింగుకు ఆయిల్ రాసి, మూత బోల్టును నొక్కి పట్టి మొదటి మరలు చేతితోనే ఎక్కించండి. ఇవి సన్నని మరలు. వంకరగా ఎక్కితే పైపే పాడవుతుంది. స్పానరుకు తొందర పడకండి.

5. కాళ్లను రాసుకున్న ఎత్తులోనే బ్రాకెట్లలోకి ఎక్కించి కింది బోల్టులు బిగించండి. తరువాత మూత బోల్టులు, చివర పై పిన్చ్ బోల్టులు, అన్నీ మాన్యువల్ టార్కుకు.

6. మడ్‌గార్డు, చక్రం, బ్రేకు ఎక్కించండి. ఇరుసు నట్టు బిగించాక, కింది కేసు దగ్గర ఇరుసును పట్టే బోల్టు ఉంటే దాన్ని వెంటనే బిగించకండి. చక్రం నేలకు దించి, బ్రేకు పట్టి నాలుగైదు సార్లు ఫోర్కును ఆడించండి. రెండు కాళ్లు తమకు తామే సరి అవుతాయి. అప్పుడు ఆ బోల్టు బిగించండి. డిస్కు బ్రేకైతే లివరు గట్టిపడే వరకు నొక్కుతూ ఉండండి. ఇది మరిచి రోడ్డెక్కితే మొదటి మలుపులో బ్రేకు ఉండదు.

పరీక్ష

మెయిన్ పైపుకు ఒక సన్నని దారం చుట్టి సీలు దగ్గరికి జరపండి. మనిషి నెమ్మదిగా కూర్చుని, నెమ్మదిగా దిగాక దారం ఎంత జరిగిందో చూడండి. మొత్తం కదలికలో నాలుగో వంతు నుండి మూడో వంతు మధ్య ఉంటే బాగుంది. 120 మి.మీ. కదలికకు 30 నుండి 40 మి.మీ. అన్నమాట. తరువాత తెలిసిన రోడ్డు మీద నెమ్మదిగా ఒక కిలోమీటరు నడిపి, వచ్చాక అన్ని బోల్టులూ, సీళ్ల దగ్గర తడీ మరోసారి చూడండి.

చేయకూడని పనులు

మా షెడ్డుకు ఒక పాలబండి వచ్చింది. రోజుకు రెండు పూటలా క్యాన్లతో తిరిగే బండి. ముందు భాగం ఒక పక్కకు లాగుతోందని ఆ పెద్దాయన ఫిర్యాదు. విప్పి చూస్తే ఒక కాలులో పాత స్ప్రింగు, రెండో కాలులో లావు తీగ స్ప్రింగు. వేరే ఎక్కడో విరిగినదొక్కటే మార్చి, దొరికింది వేసి పంపారు. ఒక కాలు ఎక్కువ మోస్తే, రెండోది తక్కువ మోస్తుంది. ఆ భేదమంతా ఇరుసు మీదా, సీళ్ల మీదా పడుతుంది. ఆయనకు ఒక్క రోజు బండి ఆగితే పాలు విరిగిపోతాయి, పడితే ఇల్లు గడవదు. కొత్త జత వేసి పంపాం.

అలాగే స్ప్రింగు చుట్లు కోసి గట్టి చేయడం కొందరి అలవాటు. చుట్లు తగ్గితే గట్టిపడటం నిజమే. 40 చుట్లలో 4 కోస్తే 11 శాతం గట్టిపడుతుంది. కాని పొడవు తగ్గుతుంది, కోసిన కొస చదునుగా కూర్చోదు. గ్యాస్ మంటతో కోస్తే ఆ చోట ఉక్కు గుణమే మారి విరిగే ప్రమాదం ఉంది. ఫోర్కు ఆయిల్‌కు బదులు చేతికి దొరికిన ఇంజను ఆయిల్ పోయడమూ మంచిది కాదు.

తమ్ముళ్లకు ఒక మాట

మొదటిసారి ఈ పని ఒంటరిగా చేయకండి. తెలిసిన మెకానిక్ పక్కన ఉండి రెండు సార్లు చూడండి, మూడోసారి మీ చేత్తో చేయండి. టెన్త్ పాసైన వారికి ఐ.టి.ఐ.లో రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడు ఉంది. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా ఉంది. ఇంజనీరింగు దాకా పోగలిగిన వారు తప్పక పోండి. అక్కడికి చేరాక స్ప్రింగును చేత్తో పట్టుకుని చూసినవాడికీ, బొమ్మలో మాత్రమే చూసినవాడికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

చేతికి గ్రీజు అంటిన పనిని తక్కువగా చూసేవాళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నారు. మన అమ్మానాన్నల పనులను కూడా అలాగే చూశారు. ఆ చూపుకు జవాబు వాదనలో కన్నా పనిలో ఉంటుంది. లెక్క తెలిసి, కొలిచి, సరిగ్గా బిగించి ఇచ్చిన బండి మీద ఒక కుటుంబం రాత్రి పూట భయం లేకుండా ఇల్లు చేరుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాన్న బండో, బాబాయి బండో ఉంటే ముందు బ్రేకు పట్టి ఒకసారి హ్యాండిలు నొక్కి చూడండి. ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. మీ చదువు మొదట ఉపయోగపడే చోటు అదే కావచ్చు.